రెండు ఉత్తుత్తిలు

మా బావ దిగిన ట్యాంకుకీ, నేను పాఠం కోసం పెట్టిన ట్యాంకుకీ ఒకటే పేరు. జరిగిందంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది. కానీ ముక్క చెప్పి ఊరుకుంటే నాకు నిద్ర పట్టేలా లేదు, అందుకని మొత్తం చెబుతున్నాను.

నేను పుట్టు పిరికిదాన్ని. తాళం వేసి లాగి చూసి, వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూసే రకం. పొయ్యి కట్టానో లేదోనని సినిమా మధ్యలో లేచి వచ్చిన ఘనత కూడా ఉంది. అలాంటి నాకు దేవుడు ఏరికోరి ఇచ్చిన ఉద్యోగమేమిటంటే, కంప్యూటరంటే హడలిపోయే పెద్దవాళ్ళకి ఆన్‌లైన్‌లో ప్రోగ్రాములు రాయడం నేర్పి, వాళ్ళ భయం పోగొట్టడం. మీట నొక్కమంటే పామును ముట్టుకోమన్నట్టు వేలు వెనక్కి లాక్కుంటారు. వాళ్ళకి నేను చెప్పే మంత్రం ఒక్కటే: "నొక్కండి, ఏం కాదు." నా వెనకాల నన్ను 'ఏంకాదు మేడమ్' అంటారని మా అక్క చెప్పింది. మా అక్కకి మా బావ చెప్పాడు.

బావ పనిచేసేది మంచినీళ్ళు శుద్ధిచేసే కేంద్రంలో. నేనుండే చోటికి బస్సులో సగంరోజు ప్రయాణం. అక్కడ ఇన్నాళ్ళూ వాల్వులకి ఉన్న ఇనప చక్రాలు చేత్తో తిప్పి నీళ్ళు వదిలేవారు. ఇప్పుడు వాటికి మోటార్లు బిగించారు. కంప్యూటర్లో నాలుగు వాక్యాలు రాస్తే వాల్వు దానంతటదే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. చక్రాలు తిప్పినవాళ్ళకే వాక్యాలు రాయడం నేర్పమని మా సంస్థకి అప్పగిస్తే, అది తిరిగి తిరిగి నా ఒళ్ళో పడింది. బావ పనిచేసే చోటని తెలిసి సంబరపడ్డాను కూడా.

మేం వాడే సాధన వ్యవస్థ చాలా తేలికైంది. ఎడమవైపు మన భాషలోనే వాక్యం రాయాలి. కుడివైపు బొమ్మలో ట్యాంకు, పైపు, వాల్వు ఉంటాయి. రాసింది రాసినట్టు బొమ్మలో జరుగుతుంది. నడుస్తున్న ప్రోగ్రాంలో అంకె మార్చినా ఆ క్షణమే తేడా కనిపిస్తుంది. ఎంత తప్పు రాసినా పొంగేది బొమ్మ నీళ్ళే. ఆ ధైర్యం వాళ్ళకి రావాలని, బొమ్మ ట్యాంకుకి 'ఉత్తుత్తి' అని పేరు పెట్టాను.

మొదటి రోజు ఆ పేరు చెప్పగానే అందరూ పగలబడి నవ్వారు. నా చమత్కారానికి నేనే మురిసిపోయాను. ఎందుకు నవ్వుతున్నారని అడగాలని తోచలేదు.

అక్కడ మూడో ట్యాంకు ఒకటుంది. కట్టిన ఏడాదే బీటలు వారి ఒక్కరోజు కూడా చుక్క నీళ్ళు నిలవలేదట. ఇన్నేళ్ళుగా వాళ్ళు దాన్ని పిలిచే పేరు ఉత్తుత్తి ట్యాంకు. ఈమధ్యే దానికి మరమ్మతు మొదలుపెట్టి, లోపల గోడలకీ నేలకీ నీళ్ళు కారకుండా పూత పూసే పని మా బావకి ఇచ్చారు.

ఇంకొక్క సంగతి. ఎలాగూ చేయి తిరుగుతోంది కదా, రేపు అసలు పని కూడా ఇందులోనే చేసుకుంటారని, అక్కడి ఇంజినీరు, నేను చెప్పబోయే రోజుకి ముందురోజే, నిజం వాల్వుల మోటార్లని కూడా మా వ్యవస్థకే కలిపాడు. ఏ ట్యాంకుని ఏమంటారని పనివాళ్ళని అడిగాడు. వాళ్ళు ఉన్న పేర్లు చెప్పారు. అతను ఉన్నదున్నట్టు ఎక్కించాడు. ఒకే పేరుతో రెండుంటే మా వ్యవస్థ గొణగదు, గదమదు. చివర ఎక్కించిన దాన్ని పట్టుకుంటుంది, అంతే. కలిపినట్టు నాకెవరూ చెప్పలేదు. జాబితా తెరిచి చూస్తే కనిపించేది, నేను తెరవలేదు.

ఆ రోజు పొద్దున బావ నుంచి సందేశం వచ్చింది. "మరదలా, ఇవాళ నేను ఉత్తుత్తిలో ఉంటాను. క్లాసుకి రాను. కోప్పడకు."

బావ క్లాసుకి రాకపోవడం కొత్తేం కాదు. ఒకరోజు నడుం నొప్పి, ఒకరోజు కళ్ళజోడు పోయింది, ఒకరోజు ఏ కారణమూ దొరక్క 'మనసు బాగాలేదు'. ఇదీ ఆ వరసలోదే అనుకున్నాను. "నువ్వు నిజంలో ఎప్పుడున్నావు గనక" అని జవాబు పెట్టి, నా తెలివికి నేనే నవ్వుకుని, మంచినీళ్ళ సీసా పక్కన పెట్టుకుని క్లాసు తెరిచాను.

వాళ్ళు నలుగురూ నియంత్రణ గదిలో ఒకే కెమెరా ముందు కూర్చుంటారు. కీబోర్డు దగ్గర పెద్దాయన. త్వరలో పని విరమించే మనిషి, అయినా అందరికంటే ముందొచ్చి కూర్చుంటాడు. ఆయన పక్కన సందేహాలమ్మ. ఆవిడకి నేను పెట్టుకున్న పేరది, 'మేడమ్, ఒక సందేహం' అనకుండా నోరు తెరవదు. వెనక బెంచీ మీద తోడల్లుళ్ళిద్దరు, ఒకే ఇంటి అల్లుళ్ళు, మాటల్లో కూడా ఒకరిది ఇంకొకరు అందుకుంటారు. ఆ వేళ వీళ్ళిద్దరూ రొప్పుతూ వచ్చి కూర్చున్నారు. చేతులకి బూడిదరంగు మరకలు.

"టైముకి రావడమంటే ఇదేనా?" అన్నాను. ఆలస్యమంటే నాకు ఒళ్ళుమంట.

"మీ బావగారే పంపారు మేడమ్," అన్నాడు పెద్దల్లుడు.

"వెళ్ళండి, లేకపోతే మా మరదలు చీల్చేస్తుంది, క్లాసయ్యాక వద్దురుగాని అన్నారు," అని చిన్నల్లుడు పూర్తిచేశాడు.

చీల్చేస్తుందట! తను ఎగ్గొట్టిందిగాక నా మీద చాడీలు. ఒంటికాలి మీద లేవబోయి, క్లాసులో చుట్టరికాలు ఎందుకని తమాయించుకుని పాఠంలోకి దిగాను.

ఆనాటి పాఠం 'దాకా'. ఒక పని ఎప్పటిదాకా చేయాలో కంప్యూటర్‌కి చెప్పడం. పెద్దాయన ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ రాశాడు: *ఉత్తుత్తి మట్టం 400 దాటేదాకా వాల్వు తెరిచి ఉంచు.* నాలుగు వందలంటే సెంటీమీటర్లు, ట్యాంకు నిండుగా అన్నమాట.

"మేడమ్, ఒక సందేహం," అంది సందేహాలమ్మ. "మధ్యలో ఎవరైనా వాల్వు మూసేస్తే?"

మంచి ప్రశ్న. "ప్రోగ్రాం మళ్ళీ తెరుస్తుంది," అన్నాను. "క్షణానికోసారి చూసుకుంటుంది. మూసి ఉంటే తెరుస్తుంది. అడిగినంతా నిండేదాకా వదలదు, జిడ్డుమనిషిలాగా."

నవ్వారు. మధ్యలో ఆపే మీట కూడా మా వ్యవస్థలో లేదు. ఉండేది, నేనే తీయించేశాను. నీళ్ళు కదలగానే కంగారుపడి దాన్నే నొక్కేసేవాళ్ళు, పాఠం సాగేది కాదు.

'అమలు చేయమంటారా?' అని తెర అడిగింది.

పెద్దాయన వేలు గాల్లో ఆగింది. "నొక్కమంటారా మేడమ్?"

"నొక్కండి బాబాయ్ గారూ. అడిగినవన్నీ చదువుతూ కూర్చుంటే ఈ జన్మకి పూర్తికాదు. ఏం కాదు."

నొక్కాడు.

మామూలుగా అయితే పది లెక్కపెట్టేలోపు బొమ్మ ట్యాంకు నీలంగా నిండిపోతుంది. ఈసారి అంకె సున్నా దగ్గరే నిలబడింది. తర్వాత ఒకటి. రెండు. సాలెపురుగులా పాకుతోంది.

"నెట్ నెమ్మదిగా ఉంది," అన్నాను. తెలియని ప్రతిదాన్నీ నెట్ మీదకి తోసేయడం మా వృత్తిలో ఆనవాయితీ. నిండేలోపు ఖాళీగా ఎందుకని తర్వాతి పాఠం మొదలుపెట్టాను.

కాసేపటికి సందేహాలమ్మ తల పక్కకి తిప్పింది. "మేడమ్, బయట ఎవరో పిలుస్తున్నట్టుంది."

నాకూ ఏదో సన్నటి చప్పుడు వినిపించింది. ఎక్కడో తలుపు కీచుమన్నట్టు. "క్లాసులో ఉండగా ఎవరు పిలిస్తే మనకెందుకమ్మా? ఆ కిటికీ మూసేయండి."

ఆవిడ లేచి వెళ్ళి కిటికీ మూసి, గడియ కూడా పెట్టి వచ్చింది.

నేను చెప్పుకుపోతున్నాను. అంకె యాభై దాటింది. అరవై. పెద్దాయన మాత్రం నా మాట వినడం లేదు. అరచెయ్యి బల్ల మీద పరిచి పెట్టి, రోగి నాడి చూసేవాడిలా దాన్నే చూస్తున్నాడు.

"ఏమైంది బాబాయ్ గారూ?"

"బల్ల అదురుతోందమ్మా." మేడమ్ అనడం మరిచిపోయాడు. "కింద పెద్దపైపులో నీళ్ళు పోతున్నాయి. ఇప్పుడు ఎవరూ ఏదీ తెరవకూడదే."

నాకు ముందు చిరాకు వచ్చింది. ఆ తర్వాత అంకె వంక చూశాను. బొమ్మ నీళ్ళు గబగబా నిండుతాయి. ఇవి నెమ్మదిగా నిండుతున్నాయి. నెమ్మదిగా నిండేవి నిజం నీళ్ళు.

ట్యాంకుల జాబితా తెరిచాను. పైనుంచి కిందికి చదివాను. ఒక ఉత్తుత్తి ఉంది. అట్టడుగున ఇంకో ఉత్తుత్తి ఉంది.

"మీ దగ్గర ఉత్తుత్తి అనే ట్యాంకు ఉందా?" అని అడిగాను.

"ఉందిగా మేడమ్, మూడోది. మీరు కూడా అదే పేరు పెట్టారనేగా ఆ రోజు నవ్వాం," అంది సందేహాలమ్మ.

వెనక బెంచీ దబ్బున పడింది. తోడల్లుళ్ళిద్దరూ లేచి నిలబడ్డారు. పెద్దల్లుడి నోరు కదిలింది గాని మాట రాలేదు. చిన్నల్లుడే అన్నాడు, "మేడమ్, మీ బావగారు అందులోనే ఉన్నారు."

పైప్రాణాలు పైనే పోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

"నిచ్చెన ఎక్కి వచ్చేస్తాడు కదా? నిచ్చెన ఉంటుంది కదా?"

"పూత కోసం తీసేశాం. తాడుతో మేమే దింపాం. మళ్ళీ మేమే లాగాలి," అంటూనే ఇద్దరూ తలుపు తోసుకుని పరిగెత్తారు. ఆ ట్యాంకు ఆవరణకి అవతలి చివర ఉందని, దాని గోడ మీదికి మెట్లన్నీ ఎక్కాలని నాకు తర్వాత తెలిసింది. వాల్వు చక్రానికి 'లోపల మనిషి ఉన్నాడు, తిప్పరాదు' అని బోర్డు కట్టే ఉంచారట. పద్ధతి ప్రకారమే అన్నీ చేశారు. మోటారుకి చదువు రాదు. అది చక్రాన్ని తిప్పుతుంటే బోర్డు కూడా దానితోపాటే తిరిగిందట.

మా బావ నీళ్ళ దగ్గరే ఇన్నేళ్ళు బతికాడు గాని ఈత రాదు. మనిషి పొట్టి. పెళ్ళిలో మా అక్క పక్కన నిలబెట్టడానికి పీట వెతికామని ఇప్పటికీ ఏడిపిస్తుంటాను. 'నిన్ను ముంచడానికి బకెట్ చాలు బావా' అని అన్నది కూడా ఈ నోరే.

అంకె ఎనభై ఎనిమిది.

"మూసేయండి బాబాయ్ గారూ, వాల్వు మూసేయండి!"

పెద్దాయన వాల్వు మూసే మీట నొక్కాడు. బొమ్మలో వాల్వు ఎర్రబడింది. కన్నుమూసి తెరిచేలోగా మళ్ళీ పచ్చబడింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ పచ్చబడింది. ప్రోగ్రాం నేను చెప్పినట్టే చేస్తోంది. జిడ్డుమనిషిలాగా.

"కరెంటు తీసేయండి!"

"ఆ గది తాళం ఇంజినీరు దగ్గరుంది, ఆయన బయటికెళ్ళారు," అంది సందేహాలమ్మ ఏడుస్తూ.

"అయితే ఆ వాక్యంలో అంకె మార్చండి. నాలుగు వందలు తీసేసి నలభై పెట్టండి. నలభై ఎప్పుడో దాటింది కాబట్టి పని అయిపోయిందనుకుని మూసేస్తుంది. ఒక్క సున్నా తుడవండి, చాలు!"

పెద్దాయన రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నా వల్ల కాదమ్మా. ఇందాక నొక్కింది నేనే. ఇంకోటి నొక్కితే ఇంకేమవుతుందో."

ఏం కాదు, నొక్కండి, అనాలి. ఎన్నోసార్లు అన్న మాట. నాలుక మీదకి వచ్చింది, బయటికి రాలేదు.

వాళ్ళ తెర మీద నేనూ రాయవచ్చు. తప్పులు దిద్దడానికి ఆ వీలు ఉంది. నా కీబోర్డు మీద చేతులు పెట్టాను. అదే క్షణంలో పక్కనున్న ఫోను మోగింది. అక్క. ఫోను బల్ల మీద గిరగిరా తిరుగుతూ మోగుతోంది. ఎత్తితే ఏమని చెప్పను? నీ మొగుడి మీదికి నీళ్ళు వదిలాను, ఆపుతున్నాను, ఉండు, అనా?

అంకె నూట రెండు.

బాణం గుర్తుని ఆ వాక్యం దగ్గరికి తీసుకెళ్ళాను. ఒక మీట నొక్కబోతే పక్కది పడింది. ఏదో చేశాను, తెర అడిగింది. అలవాటుగా 'అవును' మీదికి వెళ్ళిపోయిన చెయ్యి అక్కడ ఆగింది. ఆ చిన్న పెట్టెలో ఏం రాసి ఉంటుందో ఇంతకాలంలో మొదటిసారి చదివాను.

*400 బదులు 4000. మార్చమంటారా?*

సున్నా తీయబోయి సున్నా చేర్చాను. 'వద్దు' నొక్కాను. కుడిచేతి మణికట్టుని ఎడమచేత్తో పట్టుకుని, ఒకే ఒక్క వేలితో, ఒక్క సున్నా తుడిచాను.

*400 బదులు 40. మార్చమంటారా?*

అక్షరం అక్షరం చదివి, అవునన్నాను.

వాల్వు ఎర్రబడింది. ఎర్రగానే ఉండిపోయింది. కానీ అంకె ఆగలేదు. నిజం వాల్వు బొమ్మ వాల్వులా టక్కున మూసుకోదు, చక్రం మొత్తం తిరగాలి. నూట పద్దెనిమిది. నూట ఇరవై నాలుగు. చివరికి నూట ముప్ఫై ఒకటి దగ్గర నిలిచింది.

మా బావకి అది ఎక్కడిదాకా వస్తుందో నా గోడ మీద చేత్తో కొలుచుకున్నాను. గడ్డం దాకా వస్తుంది, నిలబడి ఉంటే. కింద నేలంతా ఆరని పూత. జారితే అడుగు నీళ్ళు కూడా ఎక్కువే. నీళ్ళ మట్టం తెర మీద ఉంది. మనిషి సంగతి చెప్పే అంకె ఎక్కడా లేదు.

పెద్దాయన, సందేహాలమ్మ తలుపు వైపు తిరిగి కూర్చున్నారు. నాకు వాళ్ళ వీపులే కనిపిస్తున్నాయి. ఫోను మోగి మోగి ఆగి, మళ్ళీ మొదలైంది. నేను దేవుడికి మొక్కలేదు. మొక్కడానికి కూడా మాటలు గుర్తురాలేదు. 'బావా, బావా' అని మాత్రం పైకే అంటున్నాను. వాళ్ళకి వినిపిస్తోందని కూడా తెలియదు.

తలుపు తెరుచుకుంది.

ముందు తోడల్లుళ్ళు. వాళ్ళ మధ్య, చెరో భుజం కింద చెయ్యేసి పట్టుకున్న మా బావ. మెడదాకా బూడిదరంగు పూత, జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, పళ్ళు కొట్టుకుంటున్నాయి. నేను భోరుమన్నాను. సందేహాలమ్మ తన కొంగు తీసి ఆయన తల తుడుస్తోంది.

"బావా! ఏమైనా మాట్లాడు బావా. తిట్టు. నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు."

ఆయన నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి ప్రయత్నించి, గొంతు పట్టుకుని, చెయ్యి అడ్డంగా ఊపాడు. మాట పోయింది.

అప్పుడు పెద్దాయన లేచి తన కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టాడు. ఒక్క క్లాసుకీ రాని మా బావ, కీబోర్డుని దగ్గరికి లాక్కుని, ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతికి వెతికి నొక్కడం మొదలుపెట్టాడు. పూత అంటుకున్న వేలు ప్రతి మీట మీదా మరక పెడుతోంది. నా తెర మీద, నేను దిద్దిన వాక్యం కింద, ఒక్కొక్క అక్షరమే వచ్చి నిలబడింది.

*అరిచాను*

దాని కింద వెంటనే ఎర్రగీత పడింది. పక్కన చిన్న పెట్టెలో మా వ్యవస్థ జవాబు చెప్పింది: *ఈ మాట అర్థం కాలేదు. సరిచూసి మళ్ళీ రాయండి.*

సందేహాలమ్మ కిటికీ వైపు చూసింది. గడియ ఇంకా పెట్టే ఉంది.

పెద్దాయన తెర మీదికి వంగి, ఎర్రగీత చూసి, అలవాటు కొద్దీ నన్ను అడిగాడు. "తప్పు పడిందమ్మా. తుడిచేయనా?"

"వద్దు బాబాయ్ గారూ," అన్నాను. "ఏదీ నొక్కకండి."